కొంగ మెడ

"అగో, గది తినేతందుకు కాదు!"

జంగయ్య సార్ అరిచేసరికి తొక్క ఒలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఒక పిల్ల మాత్రం అప్పటికే తొన నోట్లో వేసేసుకుంది. మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకుని బిక్కమొహంతో నిలబడింది.

ఆ పిల్ల పేరు ఇంద్రమ్మ. మూడో తరగతి. ఉన్న ఎనిమిది మంది పిల్లల్లోనూ అందరికంటే పొట్టి.

"నోట్ల ఉన్నది మింగు. చేతుల ఉన్నది దాచు," అన్నాడు సార్.

ఇంద్రమ్మ గుటుక్కున మింగింది. అందరూ కిలకిలా నవ్వారు.

రేపటి నుంచి దసరా సెలవులు. మధ్యాహ్నం బడి వదిలేశాక సార్ చిన్నపిల్లల్ని గ్రౌండులో ఆపాడు. పొద్దున్నే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వెళ్లి సంచీ నిండా బత్తాయిలు తెచ్చాడు. బాస్కెట్‌బాల్ నేర్పడానికి బత్తాయిలేమిటా అని పిల్లలు ముందు వింతగా చూశారు. తరువాత, తినడానికే అయి ఉంటుందని వాళ్లే తేల్చేసుకున్నారు.

"బడిల ఉన్నది ఒక్కటే బాల్. మీరు ఎనిమిది మంది. అందుకే తలా ఒక బత్తాయి," అన్నాడు సార్. "ఇగ చూడున్రి. పండును అరచేతిల పెట్టొద్దు. వేళ్ల మీద నిలవెట్టాలె. అరచేతికి, పండుకు నడుమ సందుండాలె. మోచెయ్యి పండు కిందికి రావాలె, పక్కకు పోవద్దు. మోకాళ్లు వంచి, లేసుకుంట పైకి ఇడవాలె. ముందుకు కాదు, పైకి! ఇడిసినంక చెయ్యి ఎట్ల ఉండాలె?"

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

"సరూర్‌నగర్ చెరువు కాడ కొంగను చూసిన్రా?"

"చూసినం సార్!"

"దాని మెడ ఎట్లుంటది?"

ఇంద్రమ్మ చెయ్యి పైకెత్తి మణికట్టు ముందుకు వంచింది. అచ్చం కొంగే.

"శభాష్! అదే కొంగ మెడ. బాల్ కింద పడేదాక ఆ కొంగ కదలొద్దు."

పక్కనే గోడకు ఆనుకుని ప్రభ ఇదంతా చూస్తోంది. పూర్తి పేరు సూర్యప్రభ. ఏడో తరగతి. వాళ్ల నాన్నకు ఉద్యోగం బదిలీ అయి, రెండేళ్ల కిందట గుడివాడ నుంచి వచ్చారు. పొడగరి. చేతుల్లో బలం ఉంది. బడి మొత్తంలో ఎక్కువ బాస్కెట్లు వేసేది తనే.

కాని ప్రభ బంతి వేసే తీరు చూస్తే సార్‌కు తల తిరిగిపోయేది. నడుం దగ్గర వంగి, బంతిని గుండెల దగ్గర పట్టుకుని, మామిడికాయ మీదికి రాయి విసిరినట్టు సూటిగా విసిరేది. వెంటనే తల దించుకునేది. ఎందుకలా అని సార్ ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు.

"పడుతోంది కదండీ!" అనేది ప్రభ.

నిజంగానే పడేది. ఇక సార్ ఏమంటాడు?

ఆ రోజు సార్ తన మెడలోని విజిల్ తీసి ప్రభ మెడలో వేశాడు.

"నేను ట్రైనింగుకు పోతున్న. సెలవులు అయినంక మొదటి శనివారం సెలెక్షన్. ఎనిమిది మందిల అయిదుగురిని తీస్త. పిల్లల దినం నాడు పక్క బడి పిల్లలతోని మినీ మ్యాచ్. అప్పటి దాక వీళ్లకు నువ్వే సార్‌వి. రోజూ గంటసేపు బత్తాయితోని చేయించు. రింగు దిక్కు చూడొద్దు. నేను చెప్పినవన్నీ యాదికున్నయా?"

ప్రభ గడగడా అప్పజెప్పింది. వేళ్లు, సందు, మోచెయ్యి, మోకాళ్లు, కొంగ మెడ. ఒక్కటీ తప్పలేదు.

"చెప్పుడు మంచిగ వచ్చు నీకు," అన్నాడు సార్ మీసం కింద నవ్వుతూ. "అందుకే ఒక్క మాట. నువ్వు చెప్పు. ఏసి మాత్రం చూపియ్యకు."

ఆ చివరి మాట ప్రభకు చురుక్కుమంది. కాని మెడలో విజిల్ తళతళా మెరుస్తోంది. "అలాగేనండి," అంది.

* * *

చైతన్యపురి వెనక కొత్తగా లేస్తున్న కాలనీలో ప్రభ వాళ్ల ఇల్లు. ఇల్లంటే సొంతం కాదు, అంజయ్య తాత ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. చుట్టూ ఎటు చూసినా ఇటుకల కుప్పలు, ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు. అంజయ్య తాతది మాత్రం పాత ఇల్లు. విశాలమైన వాకిలి, పక్కన బర్రెల కొట్టం. ఇంద్రమ్మ ఆయన మనుమరాలే.

ఆ కొట్టం గోడకు ఒక ఇనుప రింగు ఉంది. కిటికీ ఊచలు చేసే వెల్డింగ్ అతను మిగిలిన ఊచను గుండ్రంగా వంచి ఇస్తే, తాత గోడకు బిగించాడు. ప్రభ బాస్కెట్‌బాల్ నేర్చుకున్నది ఆ రింగు కిందే, నాన్న కోఠీలో కొనిచ్చిన బంతితో.

వాకిలి మీదుగా ఒక కరెంటు వైరు వెళ్తుంది. వీధిలో స్తంభాలు ఇంకా వెయ్యలేదు. అందుకని మూల మీది స్తంభం నుంచి వెదురు బొంగుల సాయంతో ఎవరి ఇంటికి వాళ్లు వైరు లాక్కున్నారు. ఆ వైరు వాకిట్లో బట్టల తాడులా కిందికి జారి ఊగుతూ ఉండేది. పిల్లలు ఆడుతుంటే అంజయ్య తాత మంచం మీద కూర్చుని రోజుకు పదిసార్లు అదే మాట అనేవాడు.

"వైరుకు బాల్ తాకిందో, తీసి కుడితి తొట్టిల ఏస్త!"

సెలవుల్లో ఎనిమిది మంది పిల్లలూ సాయంత్రం నాలుగింటికల్లా ఆ వాకిట్లో చేరిపోయేవారు. ప్రభ విజిల్ ఊదేది. ఎనిమిది బత్తాయిలు లేచేవి. ఎనిమిది కొంగలు మెడలు వంచేవి.

మొదటి రోజు బాగానే జరిగింది. రెండో రోజు కూడా ఫరవాలేదు. మూడో రోజు ఏడు బత్తాయిలే వచ్చాయి. నాలుగో రోజు మూడు. అయిదో రోజు ఒక్క ఇంద్రమ్మ దగ్గరే ఉంది. అదీ తొక్క ఎండి గట్టిగా అయిపోయింది.

"మిగిలినవి ఏవి?" అంది ప్రభ నడుం మీద చేతులు పెట్టుకుని.

"అమ్మ రసం తీసింది అక్కా."

"నాది తమ్ముడు తిన్నడు."

"నాది... నేనే తిన్న."

ప్రభకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పిల్లలకు విసుగ్గా ఉందని తెలుస్తూనే ఉంది. ఆమెకూ విసుగ్గానే ఉంది.

"అక్కా, బాల్ ఉన్నది గద. ఒక్కసారి ఏసి చూపియ్యి," అంది ఇంద్రమ్మ.

"సార్ వద్దన్నారు."

"సార్ ఈడ లేడు గద. ఒక్కసారి! నువ్వు ఎట్ల ఏస్తవో చూస్తం."

"ఒక్కసారి అక్కా! ఒక్కసారి!" అందరూ అందుకున్నారు.

ప్రభ బంతి తీసుకుంది. వంగింది. విసిరింది. గణ్‌మని ఊచకు తగిలి లోపల పడింది. ఇంకొకటి. అదీ పడింది. మూడోది ఊచకు కూడా తగలకుండా దూరిపోయింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈల వేశారు. "అబ్బ, ఏం ఏస్తవక్కా!" అంటూ ఇంద్రమ్మ కళ్లు ఇంత చేసుకుని చూసింది.

ఆ చప్పట్లు ప్రభకు గులాబ్‌జామూన్ అంత తియ్యగా ఉన్నాయి.

"సరే, మీరూ వెయ్యండి," అంది.

ఇక బత్తాయిల సంగతి ఎవరికీ గుర్తు లేదు. రింగు కిందికి ఉంది, గోడ దగ్గరగా ఉంది. రెండు రోజుల్లో అందరికీ పడడం మొదలైంది. సెలవులు అయిపోయే నాటికి ఇంద్రమ్మ పదికి అయిదు వేస్తోంది. సార్ వచ్చి చూసి 'శభాష్ ప్రభా!' అన్నట్టు ప్రభకు కల కూడా వచ్చింది.

ఒక సాయంత్రం ప్రభ వాళ్ల అమ్మ సుమిత్రమ్మ బియ్యం ఏరుతూ గుమ్మంలోంచి చూసింది.

"అదేంటే ప్రభా! వేసిన ప్రతి పిల్లా తల దాచుకుంటోంది? కాకి తన్నడానికి వస్తున్నట్టు!"

"గోడకు తగిలి బంతి మొహం మీదికొస్తుందమ్మా. నేనూ అలాగే చేస్తాగా."

"ఏమో తల్లీ, నాకేం తెలుసు," అని అమ్మ మళ్లీ చేటలో తల పెట్టింది.

* * *

శనివారం వచ్చింది. స్కూలు గ్రౌండులో చుట్టూ పిల్లలు మూగారు. జంగయ్య సార్ నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి పిల్లవాడు వచ్చాడు. నడుం వంచాడు. గుండెల దగ్గర్నుంచి విసిరాడు. తల దించాడు. బంతి రింగుకు మూరెడు కిందనే ఆగిపోయి నేల మీద పడింది.

రెండో పిల్ల వచ్చింది. వంగింది. విసిరింది. తల దించింది. బంతి అసలు బోర్డు దాకా పోలేదు.

మూడోవాడూ అంతే. నాలుగోదీ అంతే. అందరూ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉన్నారు.

"సార్, వీళ్లు బాల్ వేస్తున్నారా, రింగుకి దండం పెడుతున్నారా?" అన్నాడు తొమ్మిదో తరగతి చక్రపాణి. గ్రౌండంతా ఘొల్లుమంది.

ప్రభకు చెవులు వేడెక్కాయి. తను అలా వేస్తే పడుతుందే! ఇక్కడి రింగు ఎత్తు. అంత దూరం అలా విసరాలంటే ఎంతో బలం కావాలి. అది తన చేతుల్లో ఉంది. ఈ చిన్న చేతుల్లో లేదు. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

చివరిగా ఇంద్రమ్మ వచ్చింది. పెదవి కొరుక్కుని, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. బంతి వెళ్లి రింగు ముందు అంచుకు తగిలింది. అంతే జోరుగా వెనక్కి వచ్చి, దించిన తల మీద ఠప్పున పడింది. ఇంద్రమ్మ కూలబడిపోయింది.

సార్ పరుగున వెళ్లి లేపాడు. తల తడిమాడు. బొప్పి కట్టింది, అంతే.

"ఎవలు నేర్పిన్రు మీకు గిట్ల?" అని అడిగాడు.

ప్రభ చెయ్యి విజిల్ మీద బిగుసుకుంది. చెప్పాలి. నేనే అని చెప్పాలి. చక్రపాణి అక్కడే ఉన్నాడు. తొమ్మిదో తరగతి అంతా అక్కడే ఉంది. విజిల్‌ను గుప్పిట్లో దాచేసుకుంది.

ఇంద్రమ్మ ఒక్కసారి ప్రభ వైపు చూసింది. తరువాత నేల వైపు చూసింది.

"ఎవలు నేర్పలే సార్. అక్క మంచిగనే చెప్పింది. నాకే చాత కాలే."

సార్ నోటుబుక్కు మూసేశాడు. "ఈసారికి మినీ మ్యాచ్ వద్దు. సోమవారం ఆ బడికి ఫోన్ చేసి చెప్త," అన్నాడు. కోపంగా కాదు. అలసటగా.

* * *

ఆదివారం సాయంత్రం వాకిట్లోకి ఎవరూ రాలేదు. కొట్టంలో ఇంద్రమ్మ బర్రెకు గడ్డి వేస్తోంది.

"రావే, ఆడుకుందాం," అంది ప్రభ.

"నాకు రాదక్క. నేను ఇగ ఆడ."

ఆ పిల్ల గొంతులో అలక లేదు. అందుకే ప్రభకు మరీ కష్టంగా అనిపించింది.

ఒంటరిగా బంతి తీసుకుంది. సార్ చెప్పినట్టు ఒక్కసారి వేసి చూద్దాం అనుకుంది. వేళ్లు. సందు. మోచెయ్యి కిందికి. మోకాళ్లు. పైకి!

బంతి పైకి లేచింది. ధన్‌మని వైరుకు తగిలింది. వైరు ఊయలలా ఊగింది. లోపల రేడియో గుర్రుమని ఆగి మళ్లీ మోగింది.

"ఎవరది?" అంజయ్య తాత మంచం మీదినుంచి లేచాడు. "ఏం చెప్పిన నేను? కుడితిల ఏస్త అన్ననా లేదా?"

ప్రభ మాత్రం కదలకుండా వైరు వైపే చూస్తోంది. బంతి వెళ్లాల్సిన దారికి సరిగ్గా అడ్డంగా ఉంది ఆ వైరు. రెండేళ్లుగా తను ఆ వైరు కింది నుంచే వేస్తోంది. అందుకే వంగుతోంది. అందుకే పైకి వెయ్యదు. రెండేళ్లుగా తనకు తెలియకుండానే ఒక వైరుకు భయపడుతూ ఆడుతోంది!

ఇక్కడ నేర్చుకున్నది బడిలో వేసింది. బడిలో కూడా, అక్కడ లేని వైరు కిందినుంచే వేసింది. దాన్నే ఈ చిన్నపిల్లలకూ నేర్పింది.

మర్నాడు అసెంబ్లీ బెల్లు కొట్టకముందే ప్రభ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"సార్, ఇంద్రమ్మ అబద్ధం చెప్పిందండి."

"ఏం అబద్ధం?"

"ఎవరూ నేర్పలేదంది. నేనే నేర్పాను. మీరు వద్దన్నా వేసి చూపించాను." విజిల్ తీసి బల్ల మీద పెట్టింది. "మొన్న అందరి ముందూ చెప్పలేకపోయాను."

సార్ విజిల్ వైపు చూశాడు, ప్రభ వైపు చూశాడు.

"ఎందుకు చూపించినవ్?"

"చప్పట్లు కొడతారనండి."

సార్‌కు నవ్వు ఆగలేదు. "చప్పట్లంటే నాక్కూడ మస్తు ఇష్టం తీ," అన్నాడు. తరువాత వైరు సంగతి విని, కుర్చీలో ముందుకు వంగాడు. "ఏందీ? వైరా?"

ఆ సాయంత్రం సైకిలు వేసుకుని తనే వచ్చి చూశాడు. చూసి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"రెండేండ్ల సంది ఈ పిల్ల ఎందుకు వంగుతదా అని నేను పరేషాన్ అయితున్న. పిల్ల తప్పు కాదు, వైరు తప్పు!"

"నా వైరునేమన్నా అంటున్నవా సారూ?" అన్నాడు అంజయ్య తాత. అంటూనే సుత్తి తెచ్చాడు. చీకటి పడేలోపు రింగు కొట్టం అవతలి గోడకు మారింది. ఈసారి సార్ చెప్పినంత ఎత్తున. అక్కడ నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

"మ్యాచ్‌కు మూడు వారాలున్నయ్," అన్నాడు సార్ చెమట తుడుచుకుంటూ. "ఆ బడికి ఇంక ఫోన్ చెయ్యలే. పిల్లలకు మల్ల నువ్వే చెప్తవా?"

"లేదండి. నేనూ వాళ్లతో లైన్లో నిలబడతాను. బత్తాయి పట్టుకుని."

"చూస్కో మల్ల. కొన్ని దినాలు నీ బాల్ ఒక్కటి పడది. అందరు నవ్వుతరు."

"నవ్వనివ్వండి."

సార్ విజిల్ తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఎవలకు ఇస్తవో నీ ఇష్టం."

ప్రభ తిన్నగా కొట్టంలోకి వెళ్లింది. ఇంద్రమ్మ గడ్డిమోపు మీద కూర్చుని ఉంది.

"మొన్న సార్ అడిగితే నేను నోరు మూసుకుని నిలబడ్డాను. పొద్దున్న వెళ్లి అంతా చెప్పేశాను," అంది ప్రభ.

"కొట్టిండా?"

"లేదు."

"నిజంగ?"

"నిజంగా. నవ్వారు కూడా." ప్రభ విజిల్ ఆ పిల్ల మెడలో వేసింది. అది బొడ్డు దాకా వేలాడింది. "నా మోచెయ్యి పక్కకు పోతుందేమో నువ్వు చూడాలి. పోతే ఊదెయ్. అందరికంటే బాగా కొంగ మెడ పెట్టింది నువ్వే కదా."

"నాకు బాల్ ఏసుడు రాదక్క."

"నాకూ రాదే. ఇద్దరం నేర్చుకుందాం."

ఇంద్రమ్మ విజిల్ నోట్లో పెట్టుకుని చిన్నగా ఊది చూసింది. ఉలిక్కిపడి బర్రె వెనక్కి తిరిగింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

* * *

మర్నాడు సార్ కొత్త బత్తాయిలు పంపాడు. ఈసారి ప్రతి పండు మీదా పెన్నుతో పేరు రాసి ఉంది. తిన్నవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. తొమ్మిదో పండు మీద 'సూర్యప్రభ' అని ఉంది.

వారం రోజులు బత్తాయిలే లేచాయి. ఎవరూ తినలేదు. తరువాత ఒక సాయంత్రం సార్ వచ్చి, "ఇగ బాల్ పట్టున్రి," అన్నాడు.

ముందు ప్రభ వంతు. కాలనీలో సగం మంది గోడ మీద ఎక్కి కూర్చున్నారు. చక్రపాణి కూడా సైకిలు ఆపి చూస్తున్నాడు. పట్టాభి గారు, అంటే ప్రభ వాళ్ల నాన్న, ఆఫీసు నుంచి వచ్చి చేతిలో టిఫిన్ డబ్బాతో అలాగే నిలబడిపోయారు.

ఒంట్లో ఎముకలన్నీ 'వంగు, వంగు' అంటున్నాయి. ప్రభ వంగలేదు. వేళ్లు. సందు. మోచెయ్యి. మోకాళ్లు. పైకి!

బంతి ఎంతో ఎత్తుకు లేచింది. అందరూ తలలెత్తి చూశారు. అది రింగు దాటింది, గోడ దాటింది, కొట్టం రేకుల మీద దడదడా దొర్లింది. అవతల ఎక్కడో బుడుంగుమంది.

"అరే! కుడితి తొట్టిల పడ్డదిర!" అంజయ్య తాత కేకేశాడు. "నేను ఏసుడు కాదు, అదే పోయి పడ్డది!"

గోడ మీది జనమంతా పడీ పడీ నవ్వారు. చక్రపాణి సైకిలు బెల్లు గణగణ మోగించాడు.

ఇంద్రమ్మ మాత్రం నవ్వలేదు. విజిల్ చేత్తో పట్టుకుని ప్రభ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. మోచెయ్యి చూసింది. మణికట్టు చూసింది. వేళ్లు చూసింది.

బంతి పడి చాలాసేపైంది. ప్రభ తల దించలేదు. చెయ్యి ఇంకా ఆకాశంలోనే ఉంది, చెరువు గట్టు మీద కొంగ నిలబడినట్టు.

"మంచిగున్నదక్క," అంది ఇంద్రమ్మ. "మల్ల ఏయి. నీ తర్వాత నేను."